అమ్మాయి సముద్రం దాకా పోతుందనేనా మీ భయం?

ప్రశ్న: మాది ప్రొద్దుటూరు, బట్టల అంగడి నడుపుతాం. మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ రెండో సంవత్సరం. సీఎస్‌ఈలో ఏఐ చేర్పిద్దామని మేమనుకుంటే, పెట్రోలియం ఇంజినీరింగ్ చదివి చమురు క్షేత్రాలకు ప్లాన్ వేసే పని చేస్తానంటోంది. ఆ పని సముద్రం మధ్యలోనట. పైగా చమురు పదేళ్ళలో అయిపోతుందంటున్నారు. రెండు కోర్సులనూ పోల్చి ఏది మంచిదో చెప్పండి.

జవాబు: ఇలాంటి ఉత్తరాలు ఏటా ఈ రోజుల్లో చాలా వస్తాయి. కోర్సు పేరు మారుతుంది, భయం మారదు. బిడ్డ కంటికి కనబడనంత దూరం పోతుందేమోనని. ముందు దానికే జవాబు చెబుతాను.

క్షేత్రాన్ని ఎలా అభివృద్ధి చేయాలో ప్లాన్ వేసేవాళ్ళు ఎక్కువగా ఆఫీసులోనే ఉంటారు. జియాలజిస్టులు, భూమి కింద చమురు ఎంత ఉందో, ఎంత తీయొచ్చో లెక్క కట్టే రిజర్వాయర్ ఇంజినీర్లు, డ్రిల్లింగ్ వాళ్ళు, పైపులైన్లు డిజైన్ చేసేవాళ్ళు, ఖర్చు లెక్కలు కట్టేవాళ్ళు కలిసి నెలల తరబడి చేసే పని అది. మొదటి కొన్నేళ్ళు రిగ్గుల మీదికి పోవాల్సి రావచ్చు. సముద్రంలో డ్యూటీ అంటే సాధారణంగా 14 రోజులు పని, 14 రోజులు సెలవు. హైదరాబాద్ హాస్టల్లో ఉన్న బిడ్డ పండక్కి తప్ప ఇంటికి రాదు. ఆ లెక్కన ఈ అమ్మాయినే మీరు ఎక్కువ రోజులు చూస్తారు.

ఇక ఆ పనిలో ఏముందో చెబుతాను, మీ బిడ్డకు అది ఎందుకు నచ్చిందో మీకే అర్థమవుతుంది. మన గోదావరి తీరాన్నే చూడండి. రవ్వ అనే చమురు క్షేత్రం దగ్గర నీటి లోతు తక్కువ, అందుకని సముద్రంలో చిన్న ప్లాట్‌ఫాంలు కట్టి పైపుల్లో చమురును ఒడ్డున ఎస్.యానాంకు తెస్తున్నారు. ఓఎన్‌జీసీ లోతు సముద్రపు బ్లాకులో అది కుదరదు. అక్కడ చమురులోంచి నీళ్ళు, గ్యాస్ వేరు చేసి నిల్వ ఉంచే పెద్ద ఓడను నిలబెట్టి, 2024 జనవరిలో మొదటి చమురు తీశారు. రిలయన్స్ వాళ్ళ కేజీ-డీ6 బ్లాకులో బావుల పరికరాలను సముద్రం అడుగునే పెట్టి, గ్యాస్‌ను పైపుల్లో కాకినాడ దగ్గరి గాడిమొగకు తెచ్చారు. ఒకే తీరం, మూడు దారులు. లోతెంత, ఒడ్డు ఎంత దూరం, వచ్చేది చమురా గ్యాసా, కింద ఎంత ఉంది అని చూసి దారి తేల్చుకోవాలి.

అన్నిటికంటే కష్టమైనది ఆ చివరి లెక్క. పులివెందుల వైపు చీనీ తోటకు బోరు వేయించిన ఎవర్నైనా అడగండి. బోరులో మొదటిరోజు రెండించుల నీళ్ళు పడగానే పెద్ద మోటారు, తోటంతా డ్రిప్పు పెట్టేసి, వేసవికి బోరు ఎండిపోతే అప్పులపాలైన రైతులు మనకు కొత్త కాదు. కేజీ-డీ6లో జరిగింది అదే, కోట్ల డాలర్లలో. రోజుకు 8 కోట్ల ఘనపు మీటర్ల గ్యాస్ కోసం సదుపాయాలు కట్టారు. 2009 ఏప్రిల్‌లో ఉత్పత్తి మొదలైంది, 2010లో 6 కోట్లు దాటింది, 8 కోట్లకు ఎన్నడూ చేరలేదు. బావుల్లోకి నీళ్ళు, ఇసుక వచ్చాయి. 2009లో ఆ గ్యాస్ మొదలైన రెండు క్షేత్రాలూ 2020 ఫిబ్రవరిలో పూర్తిగా ఆగిపోయాయి. అదే ఏడాది డిసెంబర్‌లో, అప్పుడు కట్టిన సదుపాయాలకే కలిపి పక్కనున్న కొత్త క్షేత్రం గ్యాస్ తీయడం మొదలుపెట్టారు. తెలియనిదాన్ని ముందే లెక్కలో పెట్టుకుని, కొద్దికొద్దిగా పెంచుకునేలా ప్లాన్ వేయడమే ఈ ఉద్యోగం. మన కరువు సీమ బిడ్డకు అది వేరేవాళ్ళు నేర్పాలా?

పదేళ్ళలో చమురు అయిపోదు. అసలు ప్రమాదం ధరది. 2014 మధ్యలో బారెల్ వంద డాలర్లకు పైన ఉండి, 2016 జనవరికి 30 లోపుకు పడింది. అలాంటప్పుడు కంపెనీలు కొత్త ప్లాన్లన్నీ పక్కన పెడతాయి, కొత్తవాళ్ళను తీసుకోవు. మీరు నిజంగా ఆలోచించాల్సింది ఇది.

ఏఐ గురించి దాచకుండా చెబుతాను, నాకు అనుమానాలున్నాయి. చాలా కాలేజీల్లో బోర్డు మీద బ్రాంచి పేరు మారింది కానీ పాఠాలు చెప్పేవాళ్ళు మారలేదు. నాలుగేళ్ళు చదివి, మ్యాట్రిక్సుల లెక్క చేయమంటే చేతులెత్తేసిన పిల్లలు నా దగ్గరికొచ్చి ఏడ్చారు. అందరూ తీసుకుంటున్నారనే ఒక్క కారణంతో బిడ్డను పంపకండి అన్నా. ఇంత రాశారు, ఆ పని ఎందుకు ఇష్టమో అమ్మాయిని అడిగినట్టు ఒక్క ముక్క లేదు. నన్ను అడిగే ముందు తనను అడగాల్సింది.

అలాగని ఏదో కాలేజీలో పెట్రోలియం సీటు దొరికిందని చేర్పించొద్దు. ధన్‌బాద్ ఐఐటీ, పెట్రోలియం చదువుల కోసమే పెట్టిన విశాఖ ఐఐపీఈ లాంటి చోట వస్తే సంతోషంగా పంపండి. రాకపోతే మంచి కాలేజీలో కెమికల్ గానీ మెకానికల్ గానీ తీసుకోమనండి. చమురు కంపెనీలు ఆ బ్రాంచిలవాళ్ళనూ తీసుకుంటాయి, ధర పడిపోయిన రోజున వేరే పరిశ్రమకు పోయే దారీ ఉంటుంది. ప్లాన్ వేసే బల్ల దగ్గరికి ఎవరూ మొదటిరోజే చేరరు, ఏళ్ళు పడుతుంది.

ఈ సెలవుల్లో అమ్మాయిని కోడూరు దగ్గరి మంగంపేటకు తీసుకుపోండి. అక్కడ తవ్వే ముగ్గురాయిని (బెరైటీస్) పొడి చేసి, చమురు బావులు తవ్వేటప్పుడు వాడే బురదలో బరువు కోసం కలుపుతారు. ఎందుకు కలుపుతారో తననే చెప్పమనండి, మీరు వినండి.