గెలిచే ఆటను సగంలో ఎందుకు వదిలేస్తున్నాను?

ప్రశ్న: నాకు 31 ఏళ్లు. సామ్రాజ్యాలు కట్టే స్ట్రాటజీ వీడియో గేమ్స్ అంటే ప్రాణం. సివిలైజేషన్ 6, స్టెలారిస్, యూరోపా యూనివర్సాలిస్ 4 ఎక్కువగా ఆడతాను. కొత్త ఆట మొదలుపెట్టిన రెండు మూడు రోజులు నిద్ర కూడా గుర్తురాదు. సివిలైజేషన్‌లో అయితే ఇంచుమించు నూట యాభయ్యో టర్ను, అంటే ఆడే వంతు దగ్గర ఏమవుతుందో తెలీదు, ఇక తెరవబుద్ధి కాదు. వారం తిరిగేసరికి మళ్లీ ఇంకో కొత్త ఆట. రెండేళ్లలో నలభై దాకా మొదలుపెట్టి మూడే ముగించాను. సగంలో వదిలేసిన ఆన్‌లైన్ కోర్సు, మానేసిన వ్యాయామం గుర్తుచేసి నా భార్య ‘నువ్వు ఏదీ చివరిదాకా చేయవు, నీ ఆటలు చూస్తేనే తెలుస్తోంది’ అంటోంది. ఆ మాట మనసులోంచి పోవడం లేదు. నాలో నిలకడ లేదా? ఇదేమైనా మానసిక సమస్యా?

జవాబు: మీ ఉత్తరంలో అన్నిటికంటే పనికొచ్చే వివరం ఆ నూట యాభయ్యో టర్నే. నిలకడ లేని మనిషి ఎక్కడ పడితే అక్కడ ఆపేస్తాడు. మీరు ప్రతిసారీ దాదాపు ఒకే చోట ఆగుతున్నారు. అంటే కారణం ముందు ఆ చోట వెతకాలి, మీ స్వభావంలో కాదు.

సివిలైజేషన్ 6 మొదట్లో మీ దగ్గర ఉండేది ఊరు కట్టే సెట్లరు ఒకడు, వారియరు అనే సైనికుడు ఒకడు. ఊరు నది పక్కన కట్టాలా, కొండ మీద కట్టాలా అన్న ఒక్క నిర్ణయం వంద టర్నుల తర్వాత కూడా ఫలితం చూపిస్తుంది. ఆ టర్ను ఇరవై సెకన్లలో అయిపోతుంది, కానీ ఆ ఇరవై సెకన్లూ మీ బుర్ర పనిచేస్తుంది. నూట యాభయ్యో టర్నుకు మీ చేతిలో పది పన్నెండు నగరాలు ఉంటాయి. ఏ నగరంలో ఏం కట్టాలో, పొలాలు, గనులు వేసే ఏ బిల్డరును ఎటు పంపాలో, ఏ వ్యాపార మార్గం ముగిసిందో చూసుకుంటూ పోతే ఒక్కో టర్నుకు నాలుగు నిమిషాలు పడుతుంది. అందులో నిజంగా ఆలోచించాల్సింది ఒకటో రెండో ఉంటాయి. ఇంకా 150 టర్నులు మిగిలాయనుకోండి, 600 నిమిషాలు, అంటే పది గంటలు. పైగా మీరు గెలుస్తారని మీకు అప్పటికే తెలుసు. ఈ ఆటల్లో ఆధిక్యం చక్రవడ్డీలా పెరుగుతుంది. ఎక్కువ నగరాలున్నవాడికి ఎక్కువ సైన్సు, ఎక్కువ సైన్సు ఉన్నవాడికి మెరుగైన సైన్యం, ఆ సైన్యంతో మరిన్ని నగరాలు. ఒకసారి ముందుకు వెళ్లాక వెనక్కి పడటం కష్టం. ఫలితం తేలిపోయి పని మాత్రం మిగిలినప్పుడు విసుగు రావడం మీ మెదడు సరిగ్గా లెక్క వేస్తోందనడానికి గుర్తు.

చదరంగంలో దీనికి నియమాల్లోనే చోటు ఉంది. ఓటమి తప్పదని తెలిశాక ఆటగాడు గడియారం ఆపి చేయి కలుపుతాడు. పెద్ద స్థాయి ఆటల్లో రాజుకు మాట్ పడేదాకా సాగేవి అరుదు. అలా ఆపినవాణ్ణి నిలకడ లేనివాడని ఎవరూ అనరు. స్ట్రాటజీ గేముల్లో చిక్కు ఏమిటంటే, ఓడుతున్న కంప్యూటర్ చాలాసార్లు ఓటమి ఒప్పుకుని తప్పుకోదు. తేలిపోయిన ఆటను మీరొక్కరే చివరిదాకా మోయాలి.

ఈ రకం ఆటలకు ‘ఫోర్ ఎక్స్’ అన్న పేరు 1993లో అలన్ ఎమ్రిక్ అనే విమర్శకుడు మాస్టర్ ఆఫ్ ఓరియన్ అనే అంతరిక్ష సామ్రాజ్యాల ఆట గురించి రాస్తూ పెట్టాడు. వెతకడం, విస్తరించడం, వనరులు వాడుకోవడం, శత్రువును తుడిచిపెట్టడం అనేవి ఆ నాలుగూ; ఇంగ్లిష్‌లో నాలుగు మాటల్లోనూ ఎక్స్ అక్షరం ఉంటుంది. వీటిలో మొదటి రెండూ మ్యాపు నిండగానే అయిపోతాయి. మీ ఆనందం ఎక్కువగా ఆ రెండింటిలోనే ఉందని మీ ఉత్తరం చదివితే అనిపిస్తోంది. తయారీదార్లకూ ఈ సంగతి తెలుసు. 2025లో వచ్చిన సివిలైజేషన్ 7ను మూడు యుగాలుగా విడగొట్టి, యుగం మారినప్పుడల్లా కొంత భాగం కొత్తగా మొదలయ్యేలా చేశారు. పెరుగుతూ పోయే ఆధిక్యానికి కళ్లెం వేయడం అందులో ఒక ఉద్దేశం.

చాలామంది మొదట చేసే పని కష్టం స్థాయి పెంచడం. ఒంటరిగా అది పెద్దగా పనిచేయదు. సివిలైజేషన్ 6లో పై స్థాయిల్లో కంప్యూటర్ తెలివేమీ పెరగదు, దానికి అదనపు సాయం దొరుకుతుంది. అట్టడుగు నుంచి ఎనిమిదోది, అన్నిటికంటే కష్టమైనది అయిన డీటీ స్థాయిలో అది మూడు సెట్లర్లతో మొదలుపెడుతుంది. అంటే మొదటి వంద టర్నులు మీకు నరకం, దాన్ని దాటగలిగితే ఆ తర్వాత మళ్లీ అదే చదును నేల. కష్టమంతా మొదట్లో పోగై, మీరు వదిలేసే చోట ఏమీ మారదు.

మార్చాల్సింది ఆట పొడవు. సెట్టింగుల్లో స్టాండర్డ్ వేగమంటే 500 టర్నులు, క్విక్ అంటే 330, ఆన్‌లైన్ అంటే 250. ఆన్‌లైన్ వేగం పెట్టండి. మ్యాపు ఎనిమిది మంది ఉండే స్టాండర్డ్ కాకుండా ఆరుగురుండే స్మాల్, లేదా నలుగురుండే టైనీ తీసుకోండి. ఒక జాగ్రత్త: వేగం పెంచితే పరిశోధన, నిర్మాణం తొందరగా అవుతాయి కానీ సైనికులు నడిచే దూరం మారదు. మీ విలుకాళ్లు శత్రువు కోట చేరేలోపు వాళ్లకు తుపాకులు వచ్చేస్తాయి. అందుకని ఆన్‌లైన్ వేగంలో యుద్ధ విజయానికి కాకుండా సైన్సుకో సంస్కృతికో గురిపెట్టండి. యుద్ధమే కావాలంటే టైనీ మ్యాపు, స్టాండర్డ్ వేగం. యుద్ధ విజయానికి మిగతావాళ్లందరి రాజధానులూ పట్టుకోవాలి, అప్పుడు అవి మూడే. ఏ విజయమో మొదటి టర్నులోనే నిర్ణయించుకోండి. ‘చూద్దాం, ఎటు కుదిరితే అటు’ అని మొదలుపెట్టిన ఆటలు మధ్యలో దారి తప్పుతాయి, ఎందుకంటే అందులో దగ్గరవుతున్న గమ్యమంటూ ఉండదు.

మధ్యలో చేతిపని తగ్గించే మార్గాలూ ఉన్నాయి. నిర్మాణాల క్యూలో ఒక్కో నగరానికి నాలుగైదు పనులు ఒకేసారి పెట్టేయండి. గమ్యానికి సంబంధం లేని నగరాలను జిల్లా ప్రాజెక్టుల్లో, అంటే కొత్తగా ఏదీ కట్టకుండా నడిచే పనుల్లో పెట్టి మరిచిపోండి. కదలికల, యుద్ధాల యానిమేషన్లు ఆపేయండి. వీటివల్ల సామ్రాజ్యం కాస్త తక్కువ చక్కగా నడుస్తుంది. నడవనివ్వండి. ఎలాగూ గెలిచే ఆటలో ప్రతి నగరాన్నీ ముద్దుగా తీర్చిదిద్దాలనుకోవడమే చాలామందిని అలసగొట్టేది.

స్టెలారిస్, యూరోపా యూనివర్సాలిస్ 4 వేరే జాతి. స్టెలారిస్ 2200 సంవత్సరంలో మొదలవుతుంది, చివరి దశ మామూలుగా 2400లో తెరుచుకుంటుంది. మధ్యలో ఉన్న ఆ దీర్ఘ విరామంలోనే ఆటలు చచ్చిపోతాయి. గెలాక్సీ సెట్టింగుల్లో మధ్య దశ, చివరి దశ తేదీలను ముందుకు జరిపి, అవి తొందరగా వచ్చేలా చేయవచ్చు. రెండింటినీ తలా యాభై ఏళ్లు జరిపి, గెలాక్సీ పరిమాణం తగ్గించి చూడండి. యూరోపాలో కాలం 1444 నుంచి 1821 దాకా ఉంటుంది, అందులో గెలుపు అనే గీతే లేదు. అక్కడ 1821 చేరలేదని బాధపడటం అనవసరం. ముగింపు మీరే గీసుకోవాలి. తూర్పు రోమన్ సామ్రాజ్యమైన బైజాంటియంగా ఆడుతుంటే, చరిత్రలో కాన్‌స్టాంటినోపుల్ పడిపోయిన 1453ను దాటి అనటోలియా (నేటి టర్కీ ప్రాంతం) తిరిగి సంపాదిస్తే చాలని ముందే కాగితం మీద రాసుకోండి. అది జరిగిన రోజు ఆట పూర్తయినట్టే. ఆటను దాచుకున్న సేవ్ ఫైలు తీసేయండి.

మీ ఉత్తరంలో ఇంకో మాట దొరికింది: ‘వారం తిరిగేసరికి’. విసుగు ఒక కారణమైతే, ఈ విరామం రెండోది. మీ యుద్ధ పథకం, ఎవరితో ఎందుకు ఒప్పందం చేసుకున్నారు, తూర్పు సరిహద్దున సైన్యాన్ని ఎందుకు నిలబెట్టారు, ఇవేవీ సేవ్ ఫైల్లో ఉండవు. మీ తలలో ఉంటాయి, అయిదారు రోజుల్లో చెరిగిపోతాయి. తిరిగి తెరిస్తే కనిపించేది ఎవరిదో సామ్రాజ్యం. కొత్త ఆట మీ జ్ఞాపకాన్ని ఏమీ అడగదు కాబట్టి చేయి అటే పోతుంది. మందు చిన్నదే. ఆపే ముందు రెండు నిమిషాలు తీసుకుని మూడు వాక్యాలు రాయండి: ఇప్పుడు ఏ పనిలో ఉన్నాను, వచ్చే అయిదు టర్నుల్లో ఏం చేయాలి, ఏది ప్రమాదం. సివిలైజేషన్‌లో అయితే మ్యాపు మీదే పిన్నులు గుచ్చుకోవచ్చు. ఇంకోటి, నగరం పట్టుకున్న క్షణంలో ఆట ఆపకండి. పట్టుకోవడానికి రెండు టర్నుల ముందు ఆపండి. రేపు తెరవడానికి కారణం మిగులుతుంది.

ఓడిపోతున్నప్పుడు కూడా ఆపేస్తున్నారా అన్నది మీరు రాయలేదు. దెబ్బ తగిలిన ప్రతిసారీ పాత సేవ్‌కు వెళ్లి అదే పోరు మూడుసార్లు ఆడే అలవాటు ఉంటే, అదీ ఆసక్తిని తినేస్తుంది. ఆట మూడింతలు పొడవవుతుంది, ప్రమాదమూ మిగలదు. ఒక ఎదురుదెబ్బను అలాగే ఉంచి ఇరవై టర్నులు ఆడండి. తేలిపోయిన ఆటలో లేని ఉత్కంఠ అక్కడ దొరుకుతుంది.

ముందుగా ముగింపు రుచి చూడాలంటే పొట్టి ఆటలు ఎంచుకోండి. పాలిటోపియాలో పర్ఫెక్షన్ పద్ధతి 30 టర్నులకే అయిపోతుంది. ఇన్‌టు ద బ్రీచ్‌లో నాలుగు దీవులుంటాయి, రెండు కాపాడితే చాలు, చివరి పోరాటానికి వెళ్లవచ్చు. ఒక్క సాయంత్రంలో మొదలూ తుదీ రెండూ చూస్తారు.

ఇక మానసిక సమస్యా అన్న భయం. ఆట మీద ఆసక్తి పోయి ఇంకో ఆట మీద ఉత్సాహం పుడుతోందంటే ఆనందించే శక్తి చెక్కుచెదరలేదు. గమనించాల్సింది వేరే. రెండు వారాలకు మించి దాదాపు అన్నిటి మీదా, అంటే మనుషులు, తిండి, ఇష్టమైన పాటలు, వీటి మీద కూడా మనసు చచ్చిపోయి, నిద్ర, ఆకలి తేడా వస్తే డాక్టరును కలవాలి. ‘నిద్ర గుర్తురాదు’ అన్నారు, అది మాత్రం తేలిగ్గా తీసుకోకండి. రాత్రంతా మేల్కొని మొదటి మూడు రోజుల్లో ఆటను ఖర్చుచేసేస్తే నాలుగో రోజుకు మిగిలేది అలసటే, దాన్ని మీరు విసుగనుకుంటున్నారు. రోజుకు గంటన్నర చాలు. అలారం ఫోన్లో కాదు, గదిలో అవతలి మూలన పెట్టండి.

మీ భార్య మాట దగ్గరకు వద్దాం. ఆమె రెండు వేర్వేరు విషయాలను ఒక మూటలో కట్టారు. ఆట సగంలో ఆపితే ఎవరికీ నష్టం లేదు, మీరు ఎవరికీ మాట ఇవ్వలేదు. వ్యాయామం మీ ఒంటికి సంబంధించింది. కోర్సు అలా కాదు, దాని మీద ఇంటి డబ్బు, ఇద్దరూ వేసుకున్న లెక్కలు ఉండి ఉండవచ్చు. ఆమెను బాధపెడుతున్నది బహుశా అదీ, మీరు తెర ముందు గడిపిన ఆ మూడు రాత్రులూ. ఆటల గురించి వాదించి గెలవకండి. ‘ఆటలు ఆపేయడం పెద్ద విషయం కాదనుకుంటున్నాను, కానీ కోర్సు గురించి నువ్వన్నది నిజమే. దాన్ని కొనసాగించాలా, పూర్తిగా వదిలేయాలా, ఇద్దరం కూర్చుని తేల్చుకుందాం’ అని అడగండి. వదిలేయడం కూడా ఒక నిర్ణయమే, చెప్పి వదిలేస్తే. కొనసాగించాలనుకుంటే ఎన్ని పాఠాలు మిగిలాయో లెక్కపెట్టి, వారానికి రెండు చొప్పున తేదీలు వేసి, ఆ కాగితం ఆమెకు కనిపించే చోట అంటించండి. ఆమెను పర్యవేక్షకురాలిని చేయకండి, రోజూ గుర్తుచేసే బరువు ఆమె మీద పడితే మళ్లీ గొడవే.

ఈ రాత్రి ఆట మొదలుపెట్టేటట్లయితే టైనీ మ్యాపు, ఆన్‌లైన్ వేగం, సైన్సు విజయం. విసుగు మొదలైన టర్ను సంఖ్య రాసుకోండి. అప్పటికి మీరు గెలుస్తున్నారా, ఓడుతున్నారా, ఆడి ఎన్నాళ్లయింది అన్నది కూడా పక్కనే రాయండి. మూడు ఆటలకు ఈ లెక్క చూసి మళ్లీ ఉత్తరం రాస్తే, మీ విషయంలో పైవాటిలో ఏది అసలు కారణమో ఇంకా కచ్చితంగా చెప్పవచ్చు.