మీరడిగారు, మేం చెప్తున్నాం

ప్రశ్న: మా అబ్బాయి అమెరికాలో మిషిగన్‌లో ఉంటాడు. ఈమధ్య ఎప్పుడు వీడియో కాల్ చేసినా క్రిస్‌క్రాఫ్ట్ అనే పాత బోట్ల కంపెనీ కార్డులంట, వాటి స్కాన్లు ముందేసుకుని కంప్యూటర్లో ఎక్కిస్తుంటాడు. పైసా రాదు, వాలంటీర్ పనేనట. శని, ఆదివారాలు దానికే సరిపోతున్నాయని కోడలు విసుక్కుంటోంది. స్కాన్ చేసేశాక మళ్లీ టైప్ చెయ్యడం దేనికండీ, ఏఐకి ఇస్తే చదివెయ్యదా?
- ఒక తండ్రి, కాకినాడ

జవాబు: కోడలి విసుగుకి మా దగ్గర మందు లేదు గానీ సార్, మీవాడు చేస్తున్నది మాత్రం తీసిపారేసే పని కాదు.

ఆ కంపెనీ పుట్టింది మిషిగన్‌లోనే, సెయింట్ క్లెయిర్ నది ఒడ్డున ఆల్గొనాక్ అనే చిన్న ఊళ్లో. క్రిస్ స్మిత్ అనే ఆయన 1874లో, పదమూడేళ్ల వయసులో మొదటి పడవ చేశాడు, 1922లో కొడుకులతో కలిసి కంపెనీ పెట్టాడు. మహాగని చెక్కతో నిగనిగలాడే స్పీడ్ బోట్లంటే వాళ్లవే అన్నంత పేరొచ్చింది, రెండో ప్రపంచ యుద్ధంలో సైనికుల్ని ఒడ్డున దించే బోట్లు కూడా వేల సంఖ్యలో కట్టారు. 1960లో స్మిత్ కుటుంబం అమ్మేసుకుంది. డ్రాయింగులు, ఫొటోలు, ఫ్యాక్టరీ కాగితాలన్నీ చివరికి వర్జీనియాలో న్యూపోర్ట్ న్యూస్ అనే ఊళ్లో ఉన్న మారినర్స్ మ్యూజియంకి చేరాయి.

అందులో అసలు బంగారం హల్ కార్డులు (హల్ అంటే బోటు బాడీ). మీవాడు ఎక్కిస్తున్న కార్డులు ఇవే అయ్యుంటాయి. ఫ్యాక్టరీలో కట్టిన బోటుకి ఒక కార్డు. హల్ నంబర్, ఏ మోడల్, ఏ ఇంజన్ బిగించారు, దాని నంబర్ ఎంత, రంగేంటి, ఎప్పుడు ఏ డీలర్‌కి పంపారు, అన్నీ దాంట్లో రాసుకునేవాళ్లు. ఇవాళ ఎవడో షెడ్డులో దుమ్ముకొట్టుకుపోయిన బోటు కొంటాడు, అమ్మినవాడు "ఇంజన్ ఒరిజినలే సార్" అంటాడు (పాత బుల్లెట్ బండ్లు అమ్మేవాళ్లు కూడా ఇదే అంటారు లెండి), నిజమో కాదో తేల్చేది ఆ కార్డే. చెక్క మీద కొట్టిన నంబర్ చూసి మ్యూజియంకి రాస్తే ఫీజు తీసుకుని కార్డు కాపీ ఇస్తారు. కార్డులో ఉన్న ఇంజన్ నంబర్, బోటులో ఉన్నది ఒకటే అయితే ఇక రేటే వేరు.

ఇక టైపింగ్ దేనికన్నారు. స్కాన్ అంటే ఫొటోనే కదండీ, ఫొటోలో వెతకలేం. "1950లో ఫలానా డీలర్‌కి వెళ్లిన బోట్లన్నీ చూపించు" అనాలంటే ఆ అక్షరాలు ఎవరో ఒకరు ఎక్కించాలి. ఏఐ శుభ్రంగా అచ్చయిన పేజీని చదువుతుంది, కాదనను, కానీ మసకబారిన కార్డు మీద పెన్సిల్‌తో కొట్టేసి పైన ఇంకోటి రాసి ఉంటే తడబడుతుంది, ఇంకా ఘోరం ఏంటంటే తడబడ్డానని చెప్పదు. యుద్ధం తర్వాతి బోట్ల నంబర్లు ఒక అక్షరం, పొడవు ఎన్ని అడుగులో, ఆపైన వరస నంబర్, ఇలా ఉంటాయి. 22 అడుగుల స్పోర్ట్స్‌మన్ మోడల్ అయితే యు-22 అని మొదలవుతుంది. ఇంజన్లకేమో కె, కెబిఎల్, ఎం, ఎంబిఎల్ అని పేర్లు. మధ్యలో ఒక్క 'బి' ఎగిరిపోయిందా, అది ఇంకో ఇంజన్ అయిపోతుంది. 1 ని 7 అనుకుంటే ఒకాయన బోటు చరిత్ర పోయి ఇంకొకాయన బోటుకి అతుక్కుంటుంది. అందుకే ఒకే కార్డుని ఇద్దరు విడివిడిగా టైప్ చేసి, తేడా వచ్చిన చోట మూడో మనిషి చూడటం మంచి పద్ధతి. మీవాడికి ఒక్క మాట చెప్పండి, గుమాస్తా స్పెల్లింగ్ తప్పు రాసినా దిద్దొద్దు, ఉన్నదున్నట్టు ఎక్కించి పక్కన నోట్ పెట్టమనండి. చదువుకున్న పిల్లలకి చెయ్యి ఆగదు, దిద్దేస్తారు.

ప్రశ్న: మా తాతగారి వర్క్‌షాప్ లెడ్జర్లు అటక మీద ఉన్నాయి. ఫోన్‌తో ఫొటోలు తీసి పెట్టుకుంటే చాలదా?
- రాజమండ్రి నుంచి ఒక పాఠకురాలు

జవాబు: మొదలుపెట్టడానికి చాలమ్మా. కిటికీ పక్కన పగటి వెలుతురులో, ఫ్లాష్ లేకుండా, పేజీకి సరిగ్గా పైనుంచి తీయండి. స్కానర్ దొరికితే 300 డీపీఐకి (స్కాన్ ఎంత స్పష్టంగా రావాలో చెప్పే సెట్టింగ్) తగ్గొద్దు, బైండింగ్ ఊడిపోతుంటే మాత్రం పుస్తకాన్ని స్కానర్ మీద బోర్లించి నొక్కకండి. అసలు పని తీశాక ఉంటుంది. ఫోన్ దానంతటదే పెట్టే ఐఎంజీ 4032 లాంటి పేరుతో వదిలేస్తే రెండేళ్ల తర్వాత మీకే తెలీదు అదేంటో, కాబట్టి ఫైల్ పేరులో సంవత్సరం, పుస్తకం నంబర్, పేజీ నంబర్ అదే రోజు పెట్టెయ్యండి. ఖాళీ పేజీలు, అట్ట కూడా వదలొద్దు, లేకపోతే పేజీ చిరిగిపోయిందా, మనమే తియ్యలేదా అని తర్వాత అనుమానం వస్తుంది. ఒక కాపీ హార్డ్ డిస్కులో, ఇంకోటి వేరే ఊళ్లో ఉన్న చుట్టాల దగ్గర ఉంచండి. వాట్సాప్‌లో పంపుకుని అదే కాపీ అనుకోవద్దు, మామూలుగా ఫొటో పంపితే అది సైజు తగ్గించేస్తుంది. ఇక ఫొటోలు తీసేశాం కదా అని ఇంట్లో ఎవరైనా లెడ్జర్లని పాతపేపర్ల అబ్బాయికి తూకానికి వేస్తామంటే ఒప్పుకోకండి.