కాక్‌పిట్ నుంచి జవాబులు

(చాలా కాలం ప్రయాణికుల విమానాలు నడిపి పదవీ విరమణ చేసిన కెప్టెన్ ఈ సంచికలో పాఠకుల ప్రశ్నలకు సమాధానాలిస్తున్నారు.)

ప్రశ్న: విమానాన్ని ఆటోపైలటే నడుపుతుందంటారు. మరి అనుభవజ్ఞుడైన పైలట్ అక్కడ చేసే పని ఏమిటి?

జవాబు: ఈ ప్రశ్న చాలామంది అడిగారు, కొందరు కాస్త ఎగతాళిగానే అడిగారు. ఆటోపైలట్ మనం చెప్పిన ఎత్తునూ దిశనూ మనకంటే నిలకడగా పాటిస్తుంది. కానీ ఎదురుగా ఉన్న ఉరుముల మేఘాన్ని ఏ వైపు నుంచి చుట్టి వెళ్లాలో, దిగవలసిన చోట పొగమంచు కమ్మితే ఎంతసేపు వేచి ఉండి పక్క విమానాశ్రయానికి మళ్లాలో తేల్చవలసింది పైలటే. ఆ తేల్చుకోవడం కూడా చాలావరకు అవసరం రాకముందే జరిగిపోవాలి.

టేకాఫ్‌నే తీసుకోండి. విమానం బరువు, రన్‌వే పొడవు, గాలి, ఉష్ణోగ్రత లెక్కగట్టి ప్రతి ప్రయాణానికీ ముందుగానే ఒక వేగాన్ని నిర్ణయిస్తారు. దాన్ని మేము వీ-వన్ అంటాం. ఆ వేగం అందుకోకముందు ఇంజిన్ చెడితే ఆగిపోవాలి, దాటిన తరువాత చెడితే పైకి లేవాలి, ఎందుకంటే అప్పటికి ఆగడానికి సరిపడా రన్‌వే మిగలకపోవచ్చు. మిగిలిన ఇంజిన్‌తో పైకెక్కగలిగేలా విమానాన్ని తయారుచేసి ఉంటారు. వీ-వన్ అన్న మాట వినగానే కెప్టెన్ ఇంజిన్ల శక్తిని పెంచి తగ్గించే థ్రస్ట్ లివర్ల మీది నుంచి చెయ్యి తీసేస్తాడు. కంగారులో ఆ చెయ్యి లివర్లను వెనక్కి లాగకూడదనే ఈ ఏర్పాటు. దిగేటప్పుడూ ఇంతే: నిర్ణీత ఎత్తుకు వచ్చేసరికి రన్‌వే కనిపించకపోతే మళ్లీ పైకి లేవాలి. ఈ గో-అరౌండ్‌ను కొందరు ప్రయాణికులు పైలట్ చేతకానితనంగా చూస్తారు. నా దృష్టిలో మాత్రం మొండిగా దిగినవాడికంటే సందేహం రాగానే పైకి లేచినవాడే మెరుగైన పైలట్.

ప్రశ్న: కెప్టెన్ పొరబడితే పక్కనున్నవారు ఎదురు చెప్పగలరా?

జవాబు: చెప్పి తీరాలి. ఈ పాఠానికి విమానయానం చెల్లించిన మూల్యం చాలా పెద్దది. 1977 మార్చి 27న కానరీ దీవుల్లోని టెనెరిఫె విమానాశ్రయంలో దట్టమైన పొగమంచులో రెండు బోయింగ్ 747 విమానాలు రన్‌వే మీదే ఢీకొని 583 మంది మరణించారు. ఒక విమానం టేకాఫ్ అనుమతి రాకుండానే పరుగు మొదలుపెట్టింది. రెండవది అప్పటికి అదే రన్‌వేపై ఉంది. పరుగు తీస్తున్న విమానం కాక్‌పిట్‌లో ఇంజిన్లనూ పరికరాలనూ చూసుకునే ఫ్లైట్ ఇంజినీరు, రెండవది రన్‌వే ఖాళీ చేయలేదేమోనన్న సందేహాన్ని పైకే అన్నాడు. ఎంతో సీనియర్ అయిన కెప్టెన్, ‘ఖాళీ చేసింది’ అని గట్టిగా బదులివ్వడంతో ఆ మాట అక్కడితో ఆగిపోయింది. ఆ తరువాతి సంవత్సరాల్లో, కాక్‌పిట్‌లో ఎవరు ఎవరితో ఎలా మాట్లాడాలన్నదే పైలట్ల శిక్షణలో ఒక ప్రత్యేక విభాగమైంది.

అయితే శిక్షణ ఒక్కటే సరిపోదు. కెప్టెన్ మొహం చిట్లించే మనిషైతే, నిన్న మొన్న చేరిన సహ పైలట్ ఎన్ని పాఠాలు చదివినా నోరు విప్పడు. టేకాఫ్‌కు ముందు మేము చేసుకునే బ్రీఫింగ్‌లో ఏ పరిస్థితిలో ఆగాలో, ఏ పరిస్థితిలో వెళ్లాలో పైకి చెప్పుకుంటాం. అలా చెప్పుకున్న మాట తప్పితే, అడ్డు చెప్పే అధికారం చిన్నవాడికీ వస్తుంది.

ప్రశ్న: కుదుపులు వచ్చినప్పుడు రెక్కలు ఊగుతుంటే భయం వేస్తుంది. విరిగిపోవా?

జవాబు: ఊగడానికి వీలుగానే వాటిని తయారుచేస్తారు, బిగుసుకుపోయిన రెక్కకే ముప్పెక్కువ. నిర్దేశించిన గరిష్ఠ భారానికి ఒకటిన్నర రెట్లు తట్టుకోవాలన్నది నియమం. కుదుపుల్లో గాయపడేవారిలో ఎక్కువమంది బెల్టు పెట్టుకోనివారే. మేఘం లేని చోట వచ్చే కుదుపును మా రాడార్ కూడా పట్టలేదు, అది నీటి బిందువులనే చూస్తుంది. కాబట్టి కూర్చున్నంతసేపూ బెల్టు ఉంచుకోండి.

ప్రశ్న: ఈ వృత్తిలో కష్టమైనదేమిటి?

జవాబు: నిద్ర. తెల్లవారుజామున శరీరం పడుకోమంటున్నప్పుడు ల్యాండింగ్‌కు సిద్ధం కావడం నాకు ఎన్నడూ అలవాటు కాలేదు. పండుగలకూ పెళ్లిళ్లకూ ఇంట లేకపోవడం కుటుంబాలు భరించే కష్టం. దాని గురించి వారినే అడగాలి.

ప్రశ్న: నాకు కళ్లద్దాలున్నాయి. పైలట్ కాగలనా?

జవాబు: చాలావరకు కావచ్చు. అద్దాలతోనైనా ఒక్కొక్క కంటికి 6/9 (మామూలు చూపున్నవారు తొమ్మిది మీటర్ల నుంచి చదివే అక్షరాన్ని ఆరు మీటర్ల నుంచి చదవగలగడం), రెండింటికీ కలిపి 6/6 చూపు ఉండాలన్నది అంతర్జాతీయ ప్రమాణం, రంగులు గుర్తుపట్టగలగాలి. డబ్బు కట్టి శిక్షణలో చేరకముందే వైద్య పరీక్ష చేయించుకోండి. ఉద్యోగంలో చేరాక మాత్రం రెండవ జత అద్దాలు చేతికందేలా ఉంచుకోవడం తప్పనిసరి.