స్పిండిల్ మార్చే ముందు నట్టు చూడండి

ప్రశ్న: అయ్యా, నేను రిటైరైన లెక్కల టీచర్ని. ఏడాది క్రితం 3018 సీఎన్‌సీ రూటర్ (కంప్యూటర్ చెప్పినట్టు చెక్కే మిషన్, బెడ్ 300 × 180 మిల్లీమీటర్లు) కొని, టేకు పలకల మీద నేమ్‌ప్లేట్లు చెక్కుతున్నాను. ఈ మధ్య అక్షరాల్లో సున్నలు గుండ్రంగా రాక కోడిగుడ్డులా వస్తున్నాయి. 500 వాట్ల స్పిండిల్ (చెక్కే బిట్‌ని తిప్పే మోటారు) పెడితే సరిపోతుందని మా అబ్బాయి అంటున్నాడు. బెడ్‌ని 3040కి, అంటే 300 × 400కి పొడిగించే కిట్ కూడా ఉందట. ఏది ముందు చేయించమంటారు?
- ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: మాస్టారూ, ఇప్పుడే రెండూ వద్దు. మీ సున్న పాడవుతున్నది మోటారు బలం చాలక కాదు. మిషన్‌ని జరిపే పొడవాటి స్క్రూకీ దాని నట్టుకీ మధ్య వదులు వచ్చి ఉంటుంది. బాలానగర్ టూల్‌రూమ్‌లో పనిచేసిన రోజుల్లో మేం దీన్ని ‘ప్లే’ అనేవాళ్లం. కుడికి వెళ్లిన మిషన్ ఎడమకి తిరిగేటప్పుడు, ఆ ప్లే తీరేదాకా స్క్రూ తిరుగుతుందే గానీ బిట్ కదలదు. సున్న చుట్టే దారిలో పైన, కింద, రెండు పక్కలా దిశ మారుతుంది. గీత చదునయ్యేది ఆ నాలుగు చోట్లే. ఒకసారి భూతద్దం పెట్టి చూడండి.

దగ్గర్లోని లేత్ షాపులో డయల్ గేజ్ (చిన్న కదలికని ముల్లుతో చూపే కొలత సాధనం) ఒక పూట అడిగి తెచ్చుకోండి. దాన్ని స్పిండిల్‌కి ఆనించి, మిషన్‌ని గేజ్ వైపు కాస్త జరపండి. తర్వాత 0.1 మిల్లీమీటరు చొప్పున వెనక్కి జరిపే బటన్ నొక్కుతూ పోండి. మూడు నొక్కుల దాకా ముల్లు కదలకపోతే దాదాపు 0.3 మిల్లీమీటరు ప్లే ఉన్నట్టు. ముందు మోటారునీ స్క్రూనీ కలిపే కప్లింగ్ మీది చిన్న స్క్రూలు ఆలెన్ కీతో బిగించండి. నేను చూసిన మిషన్లలో సగానికి జబ్బు అక్కడే ఉండేది. అప్పటికీ తగ్గకపోతే స్ప్రింగ్ ఉన్న ఇత్తడి నట్టు మార్చండి. పెద్ద ఖర్చు కాదు.

కొలత సరిచేయడం ఆ తర్వాతి పని. 100 మిల్లీమీటర్లు వెళ్లమంటే 99.5 వెళ్లిందనుకోండి. మిషన్ బోర్డుని నడిపే జీఆర్‌బీఎల్ సాఫ్ట్‌వేర్ సెట్టింగుల్లో అడ్డం దిశ ఎక్స్‌కి $100, నిలువు దిశ వైకి $101 అనే వరుసలు ఉంటాయి. అందులో 800 ఉంటే దాన్ని 100తో గుణించి 99.5తో భాగించండి, 804 వస్తుంది. ప్లే ఉండగా మాత్రం ఈ అంకె ముట్టుకోవద్దు. ఒక వైపు సరిపోయినట్టే ఉండి రెండో వైపు తేడా కొడుతుంది.

ఇక స్పిండిల్ సంగతి. 2019లో నేనూ అదే ముందు మార్చాను. “పెట్టేయండి, ఏం కాదు” అన్నాడు అమ్మినాయన. ఆ బరువుకి, స్పిండిల్‌ని పైకీ కిందికీ జరిపే ప్లాస్టిక్ జెడ్ భాగం ముందుకు వాలింది. మా చెల్లెలి గృహప్రవేశానికి దాచిన టేకు పలకలో బిట్ ఒరుసుకుంటూ పోయి విరిగింది. మా నాన్నగారు కోయించి ఉంచిన చెట్టు తాలూకు చివరి పలక అది. అలాంటిది ఇంకొకరికి జరగకూడదనే ఇంతగా చెబుతున్నాను. స్పిండిల్ మార్చాలనుకుంటే ముందు అల్యూమినియం జెడ్ వేయించండి.

3040 కిట్ వద్దనడానికి కారణం బెడ్ కింది కడ్డీలు. వాటికి ఆధారం రెండు చివర్లే. పొడవు రెట్టింపైతే అదే బరువుకి నడుమ వంగడం 8 రెట్లవుతుంది. మీ నేమ్‌ప్లేట్లకి ఉన్న మిషనే చాలు. 3.175 మిల్లీమీటర్ల బిట్‌తో టేకులో ఒక్కో పొరకి అర మిల్లీమీటరు లోతు, నిమిషానికి 400 నుంచి 500 మిల్లీమీటర్ల ఫీడ్‌తో (బిట్ ముందుకు నడిచే వేగం) మొదలుపెట్టండి.

ప్రశ్న: పూజగది తలుపులకి జాలీలు చెక్కే పని మొదలుపెట్టాలని ఉంది. 600 × 900 మిల్లీమీటర్ల సైజు సీఎన్‌సీ మిషన్ చూస్తున్నాను. ఇంట్లో సింగిల్ ఫేజ్ కరెంటే ఉంది. కొనేటప్పుడు ఏం చూడాలి? చాలా టెన్షన్‌గా ఉంది.
- ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: టెన్షన్ పడకమ్మా. బాల్ స్క్రూలు 1605 అయి ఉండాలి. అంటే 16 మిల్లీమీటర్ల లావు, చుట్టుకి 5 మిల్లీమీటర్ల కదలిక. గుండ్రటి కడ్డీల మీద కాకుండా చదరపు లీనియర్ పట్టాల మీద నడిచేదే తీసుకో. 2.2 కిలోవాట్ల స్పిండిల్‌ని ఇంటి కరెంటు మీద నడపొచ్చు. కాకపోతే వీఎఫ్‌డీ (స్పిండిల్ వేగాన్ని మార్చే పెట్టె) సింగిల్ ఫేజ్ 220 వోల్టులు తీసుకునే రకమని ముందే రాయించుకో. ఆ స్పిండిళ్లు 400 హెర్ట్జ్ దగ్గర నిమిషానికి 24,000 చుట్లు తిరుగుతాయి. వీఎఫ్‌డీని దానికి తగ్గట్టు సెట్ చేసి ఇమ్మని అడుగు. ఇంట్లో ఎర్తింగ్‌ని ఎలక్ట్రీషియన్ చేత పరీక్ష చేయించాకే ప్లగ్ పెట్టు.

డబ్బు కట్టకముందు అమ్మేవాళ్ల దగ్గరే 300 × 400 దీర్ఘచతురస్రం కోయించు. ఎదురెదురు మూలల మధ్య తీసిన రెండు కొలతలూ 500 రావాలి. ఒకటి 501, ఇంకొకటి 499 వస్తే పైన అడ్డంగా నడిచే దూలం వంకరగా బిగించినట్టే. నీ ఎదుటే సరిచేయించుకో. జాలీలో ఒక గడి తప్పినా తలుపు మొత్తం మీద కనిపిస్తుంది.

ప్రశ్న: పొట్టు లాగే వాక్యూమ్ ఆన్ చేయగానే లాప్‌టాప్‌కీ మిషన్‌కీ కనెక్షన్ పోతోంది. బోర్డు మార్చాలా?
- ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: ఇప్పుడే మార్చకండి. ప్లాస్టిక్ గొట్టంలో పొట్టు రాసుకుంటూ పోయేటప్పుడు స్టాటిక్ కరెంటు పుడుతుంది. గాలి పొడిగా ఉన్న రోజుల్లో ఇంకా ఎక్కువ. గొట్టం లోపల పొడవునా రాగి తీగ వేసి, ఒక చివర ఎర్త్‌కి కలపండి. యూఎస్‌బీ కేబుల్ షీల్డ్ ఉన్నదీ, పొట్టిదీ వాడండి. వాక్యూమ్‌ని వేరే ప్లగ్‌కి మార్చండి. ఎండీఎఫ్ (చెక్క పొడిని జిగురుతో నొక్కి చేసిన పలక) కోస్తుంటే వాక్యూమ్ ఉన్నా సరే, ఎన్95 మాస్కు తీయొద్దు.