గ్వార్ గమ్ దగ్గర తొందర వద్దు

అమ్మడూ,

ఐస్‌క్రీమ్ యూనిట్ మొదలుపెట్టావని మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషం తల్లీ. కప్పు నోట్లో పెట్టుకుంటే మంచు పలుకులు తగులుతున్నాయని టెన్షన్ పడుతున్నావట. ముందు ఐస్‌క్రీమ్ చిక్కబడటానికి వేసే పొడి, అదే గ్వార్ గమ్, ఎలా వేస్తున్నావో చూసుకో.

అదేదో కెమికల్ అని భయపడకు. మనం కూర వండుకునే గోరుచిక్కుడే అది. మీ అత్తగారి వైపు గోకరకాయ అంటారు. ముదురు గింజల పొట్టూ మొలకా తీసేసి, మిగిలిన పలుకును పొడి చేస్తారు. మనకొచ్చేది ఎక్కువగా రాజస్థాన్ సరుకే. ఈ పొడిని అమెరికాలో చమురు బావుల్లోకి పంపే నీళ్లు చిక్కబడటానికి కూడా వాడతారు. 2012లో అక్కడి గిరాకీ వల్లే ధర ఆకాశాన్నంటింది, మాలాంటి చిన్న ఐస్‌క్రీమ్ వాళ్లం అల్లాడిపోయాం. ఫ్యాక్టరీలకు వెళ్లే రకం వేరే ఉంటుంది కాబట్టి, బస్తా మీద ఫుడ్ గ్రేడ్ అనీ, ఎఫ్ఎస్ఎస్ఏఐ లైసెన్స్ నంబరూ చూడందే కొనకు.

లీటరు మిక్స్‌కి, అంటే పాలూ చక్కెరా కలిపిన ఐస్‌క్రీమ్ మిశ్రమానికి, 2 గ్రాములతో మొదలుపెట్టు. 3 దాటితే నోట్లో జిగురుగా సాగుతుంది. చెంచా కొలతలు నమ్మొద్దు, గ్రాములో పదోవంతు చూపించే చిన్న కాటా కొనుక్కో.

కొత్తలో నేను 20 లీటర్ల పాలలో పొడినంతా ఒక్కసారే వేసేశాను. ఉండలు కట్టింది. ఒక ఉండ తీసి వేళ్లతో చిదిపితే పైన జారుడు జిగురు, లోపల పొడిపిండి! పైపొర తడవగానే ఉబ్బి, నీటిని లోపలికి పోనివ్వదు. ఎంత చిలికినా కరగలేదు. వడకడితే గుడ్డ కూడా పూడుకుపోయింది. పాలన్నీ పారబోశాం. మీ అత్త ఆ రాత్రి అన్నం ముట్టలేదు.

అందుకే, మిక్స్‌లో వేసే చక్కెరలోంచే గమ్‌కి పదింతలు తీసి, రెండూ పొడిగానే బాగా కలుపు. పాలు సుడి తిరుగుతుండగా ఒకచేత్తో కొంచెం కొంచెంగా, ముగ్గు వేసినట్టు చల్లు. కాచాక చల్లార్చి, రాత్రంతా 4 డిగ్రీల్లో ఉంచాకే మెషీన్‌లో పోయాలి. గమ్ నీటిని పూర్తిగా పీల్చుకోవడానికి ఆ టైమ్ కావాలి. అలా పట్టి ఉంచిన నీరు ఫ్రీజర్ చలి హెచ్చుతగ్గులైనా అంత త్వరగా పెద్ద పలుకులు కట్టదు. కానీ కరెంటు పోయి కరిగిపోయిన డబ్బాను మాత్రం ఏ గమ్మూ కాపాడలేదు, దాన్ని మళ్లీ గడ్డకట్టించి అమ్మొద్దు.

మిక్స్ అడుగున నీళ్లలా తేరితే లీటరుకి 0.2 గ్రాముల క్యారజీనన్ (సముద్రపు నాచు నుంచి తీసే పొడి) కలిపి చూడు.

ఇంకొకటి. పొడి నేల మీద ఒలికితే వెంటనే నీళ్లు పోయొద్దు. ముందు పొడిగానే ఊడ్చెయ్. తడి తగిలితే నూనె పోసినట్టు జారుతుంది. పనిచేసే పిల్లలకు ఇది మొదటిరోజే చెప్పు.

మీ మావయ్య