గూగుల్ ఉండగా లైబ్రేరియన్ ఎందుకు అంటున్న నాన్నగారికి

ప్రశ్న: మాది కావలి. మా అమ్మాయి బీఎస్సీ జువాలజీ పూర్తి చేసింది. ఇప్పుడు లైబ్రరీ సైన్స్ చదువుతానని పట్టుబడుతోంది. ఆన్‌లైన్ కేటలాగుల్లో, డేటాబేసుల్లో పాఠకులకు కావాల్సింది వెతికిపెట్టే పని తనకు నచ్చిందట. గూగుల్, చాట్‌జీపీటీ ఉండగా ఆ పనికి మనుషులతో అవసరమేమిటి? మా బావమరిది కొడుకు డేటా సైన్స్ కోర్సు చేసి బెంగళూరులో స్థిరపడ్డాడు. మా అమ్మాయిని కూడా అందులోనే చేర్చాలని నా ఉద్దేశం. రెండింటినీ పోల్చి ఏది మంచిదో చెప్పగలరు.

జవాబు: అయ్యా, పోలిక అడిగారు, చేస్తాను. అంతకంటే ముందు మీరు రాయకుండా వదిలేసిన ప్రశ్న ఒకటుంది. ఇలాంటి ఉత్తరాలు ఆత్మకూరు నుంచి, చీమకుర్తి నుంచి, కనిగిరి నుంచి నాకు వస్తూనే ఉంటాయి. కోర్సు పేరు మారుతుంది గాని లోపలి గుబులు ఒకటే. నలుగురిలో కూర్చున్నప్పుడు "మీ అమ్మాయి ఏం చదువుతోంది?" అని ఎవరైనా అడిగితే ఏమని చెప్పుకోవాలి? డేటా సైన్స్ అంటే ఎదుటివాళ్లు అర్థం కాకపోయినా తల ఊపుతారు. లైబ్రరీ సైన్స్ అంటే దుమ్ము పట్టిన బీరువాలు, కునికిపాట్లు పడే ఉద్యోగి, గోడ మీద 'నిశ్శబ్దం' బోర్డు గుర్తొస్తాయి. మీ ఊహలోని ఆ గ్రంథాలయం ఎప్పటిదో. మీ అమ్మాయి చెబుతున్న పని ఏమిటో ముందు చూద్దాం.

మన ప్రాంతం సంగతే తీసుకుంటాను. పశువైద్యం చదివే విద్యార్థి ఒకరు, ఒంగోలు జాతి పశువులు ఎండను ఎలా తట్టుకుంటాయో పరిశోధనా వ్యాసాలు కావాలని వచ్చారనుకోండి. గూగుల్‌ను అడిగితే బండలాగుడు పోటీల వీడియోలు, గిత్తల అమ్మకం ప్రకటనలు ముందుకొస్తాయి. డేటాబేసులోకి వెళ్లి 'ఒంగోలు' అని ఇంగ్లిష్ అక్షరాల్లో కొడితే కొన్ని మన దేశపు వ్యాసాలు, మరికొన్ని ఇండోనేషియావి దొరుకుతాయి. ఉన్నవి ఇంతే కాబోలు అనుకుని విద్యార్థి వెళ్లిపోతాడు.

మన గిత్తలు 19వ శతాబ్దంలో మొదలై 1960ల తొలి ఏళ్ల దాకా ఓడలెక్కి బ్రెజిల్ వెళ్లాయి. ఒంగోలు 1904 వరకూ నెల్లూరు జిల్లాలోనే ఉండేది. అందుకే అక్కడ ఆ జాతికి 'నెలోర్' అని పేరు పడింది. బ్రెజిల్‌లో మాంసం కోసం పెంచే పశువుల్లో సింహభాగం ఈ జాతీ, దాని సంకరాలే. ఎండ తట్టుకోవడం, మేత, జన్యువులు, పునరుత్పత్తి, ఏ అంశం తీసుకున్నా పరిశోధనల రాశి ఆ పేరు కిందే ఉంది. బ్రెజిల్ వాళ్ల స్పెల్లింగులో 'ఎల్' ఒక్కటే, ఇంగ్లిష్ వ్యాసాల్లో రెండు 'ఎల్'లతో కూడా రాస్తారు. మన అలవాటు కొద్దీ రెండు 'ఎల్'లు మాత్రమే కొడితే ఒక 'ఎల్' వ్యాసాలు తప్పిపోతాయి, పైగా నెల్లూరు గొర్రెల మీద వ్యాసాలు కూడా వచ్చి పడతాయి. అంతటితో ఆగదు. నెల్లూరు చిరునామా ఉన్న ప్రతి డాక్టరుగారి వ్యాసమూ జాబితాలో చేరుతుంది. అందులో పశువు ఊసే ఉండదు, మోకాలి నొప్పుల గురించి ఉంటుంది.

ఇక్కడ లైబ్రేరియన్ చేసే పని చూడండి. ఒంగోలు పేరును, నెలోర్ రెండు స్పెల్లింగులను కలిపి, ఏది కనిపించినా తెచ్చేలా వెతుకులాటను అమరుస్తుంది. రచయిత చిరునామాను పక్కన పెట్టించి శీర్షిక, సారాంశం, విషయ పదాల్లో మాత్రమే వెతికిస్తుంది. బ్రెజిల్‌లో మొదలైన సైయెలో అనే ఆన్‌లైన్ పత్రికల వేదికలో వ్యాసాలు పూర్తి పాఠంతో ఉచితంగా దొరుకుతాయని తెలుసు కాబట్టి విద్యార్థిని అక్కడికి తీసుకెళ్తుంది. వ్యాసం పోర్చుగీసులో ఉంటే ఇంగ్లిష్ సారాంశం ఎక్కడుందో చూపిస్తుంది. కాసేపటి పనే. ఆ కాసేపు సాయం దొరక్క సగం సమాచారంతో థీసిస్ రాసేసే పిల్లలు ఎందరో. జువాలజీ చదివిన మీ అమ్మాయికి శాస్త్రీయ నామాలు, జాతులు, ఉపజాతులు కొత్త కావు. సబ్జెక్టు తెలిసిన లైబ్రేరియన్ దొరకడమే కష్టం. మీరు వృథా అయిందనుకుంటున్న ఆ డిగ్రీయే ఆమె పెట్టుబడి.

కేటలాగుల సంగతి మరీ విచిత్రం. మన కాలేజీ గ్రంథాలయాలు ఎన్నో కోహా, ఎన్‌ఐసీ వారి ఈ-గ్రంథాలయ, ఇన్‌ఫ్లిబ్‌నెట్ వారి సోల్ వంటి సాఫ్ట్‌వేర్లలోకి మారాయి. తెలుగు పుస్తకాలను మాత్రం ఎన్నోచోట్ల ఇంగ్లిష్ అక్షరాల్లోనే ఎక్కించారు, అదీ ఎక్కించినవారికి తోచిన స్పెల్లింగులో. నెల్లూరు మనుమసిద్ధి కొలువులో ఉన్న తిక్కన పేరులో 'టి' పక్కన ఒకరు 'హెచ్' పెడతారు, ఒకరు పెట్టరు, మరొకరు సోమయాజి తగిలిస్తారు. పాఠకుడు తెలుగులో టైపు చేస్తే 'ఫలితాలు లేవు' అని వస్తుంది. పుస్తకం మాత్రం ఆ గదిలోనే, మూడో బీరువాలో భద్రంగా ఉంటుంది! పేరుకు ఒక ప్రామాణిక రూపం ఖాయం చేసి, మిగిలిన రూపాలన్నీ దానికి దారి చూపేలా కేటలాగును సరిచేయడం ఈ చదువులో ఒక భాగం. ఈ పని చేసేవారు లేక తెలుగు పుస్తకాలు ఉండీ లేనట్టే పడి ఉన్నాయి. దీన్ని ఏ గూగులూ వచ్చి సరిదిద్దదు.

ఇక చాట్‌జీపీటీ. అది వాక్యాలు చక్కగా రాస్తుంది. ఆధారాలు అడిగితే ఒక్కోసారి లేని వ్యాసానికి రచయితను, పత్రికను, సంవత్సరాన్ని, పేజీ నంబర్లను కూడా పుట్టించి ఇస్తుంది. ఆ జాబితా పట్టుకుని విద్యార్థులు గ్రంథాలయానికి వస్తున్నారు. అది లేని వ్యాసమని తేల్చి, ఉన్నదేమిటో వెతికి ఇవ్వడానికి మనిషి కావాలి. మరో సంగతి. కేంద్ర మంత్రివర్గం 2024 నవంబరులో 'ఒకే దేశం, ఒకే చందా' పథకానికి ఆమోదం తెలిపింది. 2025 నుంచి మూడేళ్లకు 6,000 కోట్ల రూపాయలతో, 30 మంది ప్రచురణకర్తల దాదాపు 13,000 పత్రికలను ప్రభుత్వ ఉన్నత విద్యా సంస్థలకు అందుబాటులోకి తెచ్చే ఏర్పాటు అది. అంత ఖర్చు పెట్టి తలుపు తెరిచాక, అందులోకి ఎలా వెళ్లాలో, ఏది ఎక్కడ ఉందో పల్లె నుంచి వచ్చిన పిల్లలకు చూపించేవారు లేకపోతే ఆ చందా ఎవరికోసం?

ఇప్పుడు మీ డేటా సైన్స్ దగ్గరికి వస్తాను. ఆ శాస్త్రం మీద నాకు చిన్నచూపు లేదు. గణితం, స్టాటిస్టిక్స్ ఇష్టపడి నాలుగేళ్లు చదివిన పిల్లలకు అది నిజంగా మంచి దారి. నా అనుమానమంతా బస్టాండు గోడల మీద అంటించే నాలుగు నెలల, ఆరు నెలల కోర్సుల మీద. నూటికి నూరు శాతం ఉద్యోగ హామీ అన్న బోర్డు కనిపిస్తే నాకు ముందు కనిపించేది దాని కింద చిన్న అక్షరాల్లో ఉన్న 'షరతులు వర్తిస్తాయి' అన్న ముక్క. కొన్నిచోట్ల ఫీజు వాయిదాల్లో కట్టొచ్చంటారు. సంతకం పెట్టాక చూస్తే అది ఫైనాన్స్ కంపెనీ అప్పు. కోర్సు నచ్చక పిల్ల మధ్యలో మానేసినా వాయిదాలు మానవు. ఉద్యోగం వచ్చాకే ఫీజు అనేవారి ఒప్పంద పత్రంలో 'ఉద్యోగం' అంటే ఏమిటో ఏ పేజీలో రాశారో చదివారా?

ఇంకా చెప్పాలి. ఇంటర్‌లో బైపీసీ, డిగ్రీలో జువాలజీ చదివిన అమ్మాయి సంభావ్యత, మాత్రికలు, కలనగణితం మొదటి నుంచి నేర్చుకోవాలి. అసాధ్యమని నేను అనను. ఇష్టముంటే రెండేళ్లలో నేర్చుకుంటుంది. ఆరు నెలల కోర్సులో మాత్రం అవి నేర్పరు. నాలుగు ప్రోగ్రాములు అచ్చుగుద్దినట్టు రాయించి, అందరి చేతా ఒకే ప్రాజెక్టు చేయించి, సర్టిఫికెట్ ఇస్తారు. ఆ సర్టిఫికెట్‌తో తొలి ఉద్యోగానికి వెళ్తే పక్క కుర్చీలో ఇంజినీరింగ్ పట్టభద్రులు కూర్చుని ఉంటారు. పైగా కొత్తవాళ్లకు ఇచ్చే పని, అంటే పట్టికలు శుభ్రం చేయడం, మామూలు నివేదికలు తయారుచేయడం, దాన్ని ఇప్పుడు కృత్రిమ మేధ పనిముట్లే చేసిపెడుతున్నాయి. యంత్రం వస్తే లైబ్రేరియన్ పని పోతుందని భయపడే మీరు, ఆ యంత్రం ముందుగా చేయి పెడుతున్న పనిలోకే అమ్మాయిని పంపాలనుకోవడం నాకు వింతగా ఉంది. మీ బావమరిది కొడుకు ఇంజినీరింగ్ చదివాడా, ఎప్పుడు చేరాడు, మొదటి ఉద్యోగం ఎలా వచ్చింది? ఇవేవీ మీరు రాయలేదు. బెంగళూరులో ఉన్నాడని మాత్రం రాశారు.

నొచ్చుకోనంటే ఒక మాట సూటిగా చెబుతాను. మీ ఉత్తరంలో అమ్మాయి 'పట్టుబడుతోంది' అని ఉంది. ఎందుకు పట్టుబడుతోందో కూర్చోబెట్టి అడిగినట్టు ఎక్కడా లేదు. డిగ్రీ చదివే రోజుల్లో ఎవరో లైబ్రేరియన్ ఆమెకు సాయం చేసి ఉండొచ్చు, తోటి విద్యార్థులకు తనే వెతికిపెట్టి ఆ పనిలో రుచి మరిగి ఉండొచ్చు. ఇరవై ఏళ్లు దాటిన పిల్ల తనకు నచ్చిన పని పేరు ఇంత స్పష్టంగా చెప్పడం అరుదు. ఏం చదవాలో తెలియక మౌనంగా కూర్చునే పిల్లల తల్లిదండ్రులు నా దగ్గర కన్నీళ్లు పెట్టుకుంటారు. మీకు ఆ బాధ లేదు, అయినా కొత్తగా ఒకటి తెచ్చిపెట్టుకుంటున్నారు. సంబంధాలు చూసేటప్పుడు ఎలా చెప్పాలన్న బెంగ కూడా మీ మాటల వెనక వినిపిస్తోంది. ఉద్యోగం చేస్తూ తన కాళ్ల మీద నిలబడిన అమ్మాయికి ఏ డిగ్రీ అని వంక పెట్టే సంబంధం వస్తే, దాన్ని వదులుకోండి.

పోలిక అన్నాను కాబట్టి జీతాల దగ్గర దాపరికం వద్దు. కేంద్రీయ విద్యాలయాల్లో లైబ్రేరియన్‌కు ఏడో వేతన సంఘం లెక్కన మూలవేతనం 44,900 రూపాయల దగ్గర మొదలవుతుంది. యూజీసీ వేతనాలున్న కళాశాలల్లో, యూనివర్సిటీల్లో తొలి మెట్టు 57,700. అక్కడికి చేరాలంటే డిగ్రీ తర్వాత ఏడాది బీలిబ్ (లైబ్రరీ సైన్స్ డిగ్రీ), ఆపై ఎంలిబ్ (అందులోనే పీజీ), నెట్ అనే జాతీయ అర్హత పరీక్ష కావాలి. నెట్ వివరాలు మీ అమ్మాయికి మీకంటే, నాకంటే బాగా తెలిసి ఉంటాయి, వదిలేస్తున్నాను. ఇక రెండో వైపు. ప్రైవేటు కాలేజీల్లో జీతాలు తక్కువ, చాలా తక్కువ. పుస్తకాల పనితో పాటు ఇన్విజిలేషన్, తనిఖీ బృందాలు వచ్చినప్పుడు ఫైళ్ల పని కూడా నెత్తిన పడుతుంది. జిల్లా గ్రంథాలయ సంస్థల్లో ఖాళీలు ఎప్పుడు నింపుతారో దాని మీద లెక్కలు కట్టుకుని కూర్చోవద్దు. పరిశోధన సంస్థలు, వైద్య కళాశాలలు, న్యాయ సంస్థలు, పత్రికల ఆర్కైవులు, ప్రచురణ సంస్థల మెటాడేటా (పుస్తక వివరాల నమోదు) విభాగాలు, ఇలా గ్రంథాలయమన్న బోర్డు లేని చోట్ల కూడా ఈ చదువుకు పని ఉంది. వాటిలో చాలావాటికి నెల్లూరు, ఒంగోలు దాటి వెళ్లాలి. బెంగళూరుకు పంపడానికి సిద్ధపడిన మీకు అది అభ్యంతరం కాకూడదు.

డబ్బు ఒక్కటే కొలత అయితే, గణితంలో గట్టి అమ్మాయికి డేటా సైన్సే ముందుంటుంది. మీ అమ్మాయి అలాంటిదని మీ ఉత్తరం చెప్పడం లేదు. ఈ దారిలో మొదటి మూడు నాలుగేళ్లు చేతికి అందేది కొంచెమే. ఆ కాలం మీరు ఇంటి దగ్గర అండగా నిలబడగలిగితే భయపడాల్సింది లేదు. తిండికి లోటు రాదు, పరువుకు అసలే రాదు.

అమ్మా, ఇది నువ్వు కూడా చదువుతుంటే, నీకు రెండు పనులు చెబుతాను. నేషనల్ డిజిటల్ లైబ్రరీ, థీసిస్‌ల భాండారమైన శోధ్‌గంగ రెండూ ఉచితమే. నెల్లూరు జిల్లా రొయ్యల సాగు మీద వచ్చిన థీసిస్‌లు, వ్యాసాలు వెతికి, ఏ పదం కొడితే ఎన్ని వచ్చాయో, ఏవి పనికిరానివో ఒక నోటుబుక్కులో రాసుకో. వనామీ రొయ్య శాస్త్రీయ నామం పాత వ్యాసాల్లో ఒకలా, కొత్త వ్యాసాల్లో ఒకలా ఉంటుంది, అది గమనించు. ఒక వారం చేశాక కూడా విసుగు పుట్టకపోతే ఈ పని నీదే. విసుగొస్తే నాన్నగారికి దాచకుండా చెప్పు. రెండోది, కోహా ఉచిత సాఫ్ట్‌వేరు. న్యూజిలాండ్‌లో ఒక చిన్న గ్రంథాలయ వ్యవస్థ కోసం తయారై 2000 సంవత్సరంలో వాడకంలోకి వచ్చింది. ఇంట్లో ఉన్న పుస్తకాలనే అందులోకి ఎక్కించి చూడు.

వీలైతే తండ్రీకూతుళ్లిద్దరూ రైలెక్కి వేటపాలెం సారస్వత నికేతనానికి వెళ్లి రండి. 1918 నాటి ఆ గ్రంథాలయం పాత ప్రకాశం జిల్లాలోది, ఇప్పుడు బాపట్ల జిల్లాలోకి వెళ్లింది. పాత తెలుగు పత్రికల సంచికల కోసం పరిశోధకులు ఎక్కడెక్కడి నుంచో అక్కడికి వస్తారు. వాళ్లు ఏం వెతుకుతున్నారో, ఎలా వెతుకుతున్నారో ఒక పూట పక్కన కూర్చుని చూడండి.

చేరడానికి నిర్ణయించుకుంటే తిరుపతిలో ఎస్వీ యూనివర్సిటీ, విశాఖలో ఆంధ్ర యూనివర్సిటీ రెగ్యులర్ కోర్సుల నోటిఫికేషన్లు ముందు చూడండి. సాఫ్ట్‌వేర్ల మీద చేతితో చేసే సాధన రెగ్యులర్‌లో ఎక్కువ. ఇంటి పరిస్థితి వల్ల దూరవిద్యే కావాలంటే ఇగ్నో ఉంది. వేరే ఏ సంస్థ పేరు చెప్పినా, ఫీజు కట్టకముందే యూజీసీ దూరవిద్యా విభాగం వెబ్‌సైటులో ఆ ఏడాదికి, ఆ కోర్సుకు అనుమతి ఉందో లేదో చూసుకోండి. యూనివర్సిటీకి అనుమతి ఉంటే దాని కోర్సులన్నిటికీ ఉన్నట్టు కాదు.