రీ: ఆయనకి ఇల్లు మారాలని, నాకేమో మారతహళ్లి వదలాలంటే భయం

అక్కా, బావగారు బెంగళూరులోనే సర్జాపూర్ రోడ్ వైపు మారదామనగానే నిద్ర పట్టట్లేదన్నారు కదా, అది మొండితనం ఏం కాదు. షావుల్ ఓరెగ్ అనే సైకాలజిస్ట్ 2003లో మార్పంటే పడకపోవడాన్ని నాలుగు ముక్కలుగా చెప్పాడు, రొటీన్ మీద ఇష్టం, మార్పనగానే టెన్షన్, ముందున్న తలనొప్పే కనబడి తర్వాతొచ్చే లాభం కనబడకపోవడం, ఒకసారి అనుకున్నది మార్చుకోలేకపోవడం. మీది మూడోదే అనిపిస్తోంది నాకు, ప్యాకర్స్, అడ్వాన్స్, పాప స్కూల్ బస్సు ఇవే రాశారు మరి. అందుకే బావగారిని లాభాల లెక్చర్ ఆపి ఈ మూడు పనులూ ఎవరు ఎప్పుడు చేస్తారో పేపర్ మీద రాయమనండి. ఓ సోమవారం పొద్దున 8కి ఇద్దరూ అక్కడికెళ్లి చూడండి (ఆ ట్రాఫిక్‌కి ఆయనే వెనక్కి తగ్గొచ్చు 😄). కుదిరితే లాక్-ఇన్ (ఇన్ని నెలలు ఖాళీ చేయకూడదనే షరతు) లేని 11 నెలల రెంట్ అగ్రిమెంట్ అడగండి.